శుభం కార్డు లేని కథలు

మా ఊరు గరికపాడు హైదరాబాదు నుండి విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద, పాలేరు పక్కన ఉన్నది. వంతెన దాటితే తెలంగాణ. 2020 మార్చి నెలాఖరులో మా ఊరి పేరు పేపర్లలోను, టీవీలలోను మారుమ్రోగింది. హైదరాబాదులో హాస్టళ్ళు మూసివేయగా ఇళ్ళకు బయలుదేరిన పిల్లలు మా చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీదనే ఆగిపోయారు. సంచులు నెత్తిన పెట్టుకొని ఎండలో నిలబడిన ఆ బిడ్డలను చూసి మాకు కడుపు తరుక్కుపోయింది.

మా పెద్దవాడు అంతకు నాలుగు రోజుల ముందే, జనతా కర్ఫ్యూకు ముందు రోజున ఇల్లు చేరాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మేమిద్దరం కన్నీళ్ళతో ప్రభువుకు స్తోత్రం చెల్లించాము. బిడ్డ గడప లోపల ఉన్నాడు, అది చాలుననుకున్నాము. గడప లోపల ఉండి కూడా మనుషులు దూరమైపోగలరని అప్పటికి మాకు తెలియదు. ఆ సంగతే ఈ సాక్ష్యము.

మేము వ్యవసాయదారులము. పత్తి, మిరప వేస్తాము. మేమిద్దరము, ఇంజనీరింగు చదివే కొడుకు, తొమ్మిదో తరగతి చదివే కూతురు, పిల్లల నాయనమ్మ. ఇదే మా కుటుంబము. నాయనమ్మకు చదువు రాదు. అయినా వాక్యము ఆమెకు వచ్చినంతగా మాకెవ్వరికీ రాదు. ప్రతి సాయంకాలము వసారాలో నులకమంచం మీద ఆమె కూర్చుంటే పిల్లలిద్దరూ చెరొక అధ్యాయము చదివి వినిపించేవారు. మధ్యలో ఒక్క మాట తప్పు చదివితే, “మళ్ళీ చదువయ్యా” అనేది. మా ఇంటిలో కుటుంబ ప్రార్థన నిలిచిందంటే ఆమె వల్లనే.

ఆ సంవత్సరము ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది కూడా ఆ రోజే. అల్లు అరవింద్ గారి గీతా ఆర్ట్స్ సంస్థ, మై హోమ్ సంస్థ కలిసి పెట్టిన ‘ఆహా’ అనే తెలుగు సినిమాల యాప్ అధికారికంగా మొదలైనది కూడా ఆ ఉగాదినాడే. బయట తలుపులు మూసుకున్న రోజునే ఇంటిలో ఇంకొక తలుపు తెరుచుకున్నది. అప్పట్లో ఏడాదికి 365 రూపాయలు చందా. రోజుకు ఒక్క రూపాయి! నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వంటివి మన దేశానికి 2016లోనే వచ్చాయి గాని, అవి పట్నం వారి సంగతులని మేమనుకునేవారము. ఆ 2016 సెప్టెంబరులోనే జియో వచ్చి డేటా చవకైపోయింది. పొలం గట్టు మీద కూర్చున్న మనిషి చేతిలోకి కూడా బొమ్మ వచ్చింది. అంటే మందు ముందే కూరి ఉన్నది, లాక్‌డౌన్ వచ్చి నిప్పు అంటించింది.

సినిమా హాళ్ళు మార్చిలో మూతపడ్డాయి. మళ్ళీ సగం సీట్లతో తెరుచుకోవచ్చునని అనుమతి వచ్చేసరికి అక్టోబరు 15. అప్పు తెచ్చి సినిమా తీసినవారికి వడ్డీ ఆగదు కదా! కొందరు తమ సినిమాలను నేరుగా ఈ కంపెనీలకు అమ్ముకున్నారు. ఏప్రిల్ 29న ‘అమృతరామమ్’ అనే సినిమా హాలు ముఖము చూడకుండానే జీ5లో వచ్చింది. సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ అనే పెద్ద సినిమా కూడా అలాగే ప్రైమ్‌లో వచ్చింది. లోకమంతటా ఇదే కథ. 2020 మొదటి మూడు నెలల్లోనే నెట్‌ఫ్లిక్సుకు కోటి యాభై ఏడు లక్షల మంది కొత్త చందాదారులు చేరారు. ఆ ఏడాది ముగిసేసరికి వారి మొత్తము సంఖ్య ఇరవై కోట్లు దాటింది. మార్చి నెలలోనే మన దేశములో నెట్ బరువు తట్టుకోలేదేమోనన్న భయముతో, ఈ కంపెనీలన్నీ కొంతకాలము ఫోన్లలో బొమ్మ నాణ్యతను తగ్గించి చూపవలసి వచ్చింది.

ఇక మా ఇంటి సంగతి. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. కాయలు కల్లములోనే ఉన్నాయి. బెంగ పెట్టుకొని కూర్చున్న మాకు, “ఇది చూడు నాన్నా, ఇది చూడమ్మా” అని పెద్దవాడే ఫోను చేతికిచ్చాడు. మొదట్లో నలుగురము ఒక్క ఫోనుకు తలలు ఆనించి చూశాము. నాలుగు వారాలు గడిచేసరికి నలుగురికీ నాలుగు మూలలు కుదిరాయి. మాలో ఒకరికి పాత సినిమాలు, ఇంకొకరికి ఆగిపోయిన సీరియళ్ళ పాత భాగాలు. అమ్మాయికి ఏవో కొరియా దేశపు కథలు. పెద్దవాడు వెనుక గదిలో తలుపు వేసుకొని, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని తెల్లవారుజాము రెండింటి వరకు ఇంగ్లీషు సిరీసులు.

న్యాయముగా చెప్పాలి. ఆ ఫోనులోనే మేము ఆదివారపు ఆరాధన కూడా చూశాము. ఏప్రిల్ 12న ఈస్టరు పండుగనాడు మందిరానికి వెళ్ళలేక ఏడుస్తున్న నాయనమ్మ ముందు ఫోనును గ్లాసుకు ఆనించి నిలబెట్టి, అయ్యగారి ప్రసంగము వినిపించాము. ఆమె ముసుగు వేసుకొని ఆ ఫోను ముందే మోకరించింది. కనుక యంత్రము పాపమని మేమనము. ఆమె కూడా అనలేదు. ‘కరుణామయుడు’ సినిమాను ఊళ్ళలో తెర కట్టి చూపించిన రోజుల్లో, పక్క ఊరికి నడిచి వెళ్ళి చూసి వచ్చిన మనిషి ఆమె.

అయితే సాయంకాలపు ప్రార్థన మొదట ఆలస్యమైంది. తరువాత కురచైంది. తరువాత “రేపు చేసుకుందాములే” అయింది. ఆమె మంచము మీద కూర్చొని కాసేపు ఎదురుచూసి, తనలో తానే ప్రార్థించుకొని పడుకునేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. జూన్ 8 నుండి మందిరాలు తెరుచుకోవచ్చునని అనుమతి వచ్చినా మా ఇంటి బలిపీఠము మాత్రము తెరుచుకోలేదు.

జూలై నెలలో ఒక రాత్రి ఆమె మంచినీళ్ళ కోసము లేచి వసారా మెట్టు దగ్గర పడిపోయింది. తెల్లవారుజామున పాలు పిండడానికి లేచినప్పుడు చూశాము. నేల మీద అలాగే పడి ఉన్నది. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషను తట్టుకోలేదన్నారు. మంచము మీదనే ఉంచుకోవలసి వచ్చింది.

“ఎందుకమ్మా గట్టిగా పిలవలేదు?” అని అడిగాము. ఆమె కోపము లేకుండానే చెప్పింది. “పిలిచానయ్యా. చాలాసేపు పిలిచాను. అందరూ ఇంట్లోనే ఉన్నారు గాని, ఎవరి చెవులూ ఇంట్లో లేవు.”

ఆ మాట ఈ రోజుకీ మాకు ములుకులా గుచ్చుకుంటుంది. ఆ సమయానికి పెద్దవాడు మేలుకొనే ఉన్నాడు. వసారాకు, అతని గదికి మధ్య ఒక్క గోడ. వాడు చాలా రోజులు మా ముఖము చూడలేకపోయాడు. వాడినే తప్పుపట్టడము తేలిక. కాని ఆ రాత్రి పదకొండింటి దాకా మేమిద్దరమూ చెరొక ఫోను పట్టుకొనే ఉన్నాము. ఆమె మంచము పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టడము మరిచిపోయినది మేమే. ఏ కంపెనీ వచ్చి మా చేత మరిపించలేదు.

అయితే ఈ కంపెనీల పని తీరు కూడా తెలుసుకోవలసినదే. సినిమా హాలులో అయితే విశ్రాంతి ఉండేది, చివర ‘శుభం’ అని పడేది. లైట్లు వెలిగేవి, ఆఖరి బస్సు తప్పిపోతుందని జనము పరుగెత్తేవారు. ఈ కథలకు శుభం కార్డు లేదు. ఒక భాగము ముగిసిన కొద్ది సెకన్లకే, మనము వేలు కదపకుండానే తరువాతి భాగము మొదలైపోతుంది. ఆగడానికి కష్టపడాలి గాని చూడటానికి కష్టపడనక్కరలేదు. తమకు అసలు పోటీ నిద్రతోనేనని నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017లోనే చెప్పారు. గెత్సేమనే తోటలో ఒక్క గడియ మెలకువగా ఉండలేకపోయిన శిష్యులను గూర్చి మనము ఎన్ని ప్రసంగాలు వినలేదు! మేమైతే మెలకువగానే ఉన్నాము. దేనికోసము అన్నదే ప్రశ్న.

నాయనమ్మ మంచాన్ని నట్టింటిలోకి మార్చాము. పెద్దవాడు తనంతట తానే ఆమె పక్కన చాప వేసుకొని పడుకోవడము మొదలుపెట్టాడు. ఒక సాయంకాలము ఆమె వాడిని అడిగింది. “రాత్రంతా ఏం చూసేవాడివయ్యా? నాక్కూడా చెప్పు.” వాడు చెప్పబోయి ఆగిపోయాడు. కొన్ని చెప్పడానికి సిగ్గు. కొన్ని గుర్తు లేవు. పది పన్నెండు భాగాలు చూసిన కథ కూడా నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయాడు. ఆమె నవ్వి, “సరే, నేనే చెబుతాను విను” అని యోసేపు కథ ఎత్తుకుంది. రంగురంగుల అంగీ, కలలు, అన్నల అసూయ. “పట్టుకొని నీళ్ళు లేని గుంటలో పడవేశారు” అని చెప్పి కళ్ళు మూసుకుంది. “తరువాత?” అన్నది అమ్మాయి. “ఇంక రేపు” అన్నది నాయనమ్మ.

సండేస్కూలులో వంద సార్లు విన్న కథే. అయినా మరుసటి సాయంకాలము పిల్లలిద్దరూ ఆమె పిలవకముందే వచ్చి కూర్చున్నారు. ఆ రోజు చెరసాల దగ్గర ఆపింది. ఆ తరువాత రోజు గోనెలో దొరికిన గిన్నె దగ్గర ఆపింది. అక్షరము రాని మనిషి కథను ఎక్కడ ఆపాలో ఎరిగి ఉన్నది. ఆపిన తరువాత ఆలోచించుకోవడానికి ఒక రాత్రినీ, ఒక పగటినీ ఇచ్చింది. ఈ యాప్‌లు మా నుండి తీసుకున్నది సరిగ్గా ఆ రాత్రినీ పగటినీ అని మాకప్పుడు అర్థమయింది.

ఆ వారములోనే పెద్దవాడు ఇంకొక సంగతి ఒప్పుకున్నాడు. వాడు చూస్తున్నది స్నేహితుని పాస్‌వర్డుతోనట. “అందరూ అలాగే చూస్తారు నాన్నా” అన్నాడు. జగ్గయ్యపేట బజారులో చిల్లర ఎక్కువ వస్తే వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చిన కుటుంబము మాది. అదే పాస్‌వర్డుతో మేమూ చూశాము, ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. తరువాత 2023 జూలైలో, వేరే ఇంటివారికి పాస్‌వర్డు ఇవ్వడాన్ని నెట్‌ఫ్లిక్స్ మన దేశములో ఆపివేసింది. కంపెనీ ఆపే వరకు ఆగితే అది నిజాయితీ అనిపించుకోదు. మేము ఒక్కటే చందా మా డబ్బుతో కట్టుకొని మిగిలినవి మానుకున్నాము.

అక్టోబరు 23న ఆహాలో ‘కలర్ ఫోటో’ అనే సినిమా వచ్చింది. అప్పటి మా జిల్లా మచిలీపట్నములో జరిగే కథ. నల్లగా ఉన్నాడని మనిషిని తక్కువగా చూసేవారి సంగతి. దానికి తరువాత ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ అవార్డు వచ్చింది. ఒక శనివారము దాన్ని నట్టింట నాయనమ్మతో సహా అందరము కలిసి చూశాము. అయిపోయాక అమ్మాయి మెల్లగా అన్నది, “బడిలో నన్ను కూడా అలాగే అంటారమ్మా.” మాకు తెలియదు! అంతకాలముగా ఒకే ఇంటిలో ఉండి మాకు తెలియదు. నాయనమ్మ దానిని దగ్గరకు తీసుకొని, కూషు దేశపు స్త్రీని పెండ్లాడాడని మోషేను ఆక్షేపించిన మిర్యాముకు దేవుడు ఎలా బుద్ధి చెప్పాడో చెప్పింది. ఆ రాత్రి ప్రార్థన గంటసేపు సాగింది. కలిసి చూసి, ఆపి, మాట్లాడుకుంటే ఒక సినిమా కూడా బిడ్డ హృదయపు తలుపు తెరిపించగలదని ఆ రోజు చూశాము.

నాయనమ్మ 2021 ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించింది. ఆఖరి వారములో మాట పడిపోయింది. పెద్దవాడు రోజూ ఆమె చెవి దగ్గర వంగి ఒక అధ్యాయము చదివేవాడు. ఒకసారి ఒక మాట తప్పు చదివాడట. ఆమె వేలు కదిలింది. వాడు మళ్ళీ చదివాడు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇప్పుడు మహమ్మారి భయము పోయింది. మా గ్రామము కూడా 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. పెద్దవాడు ఉద్యోగములో ఉన్నాడు. ఆ యాప్‌లు మాత్రము ఇళ్ళల్లో స్థిరపడిపోయాయి. మేము నేర్చుకున్న నాలుగు మాటలు మీతో చెప్పాలనే ఇది రాశాము. ఫోన్లు రాత్రి తొమ్మిదిన్నరకు నట్టింట అలమరలోకి వెళ్ళాలి, ముందుగా పెద్దవారివి. దానంతట అదే తరువాతి భాగము మొదలుకాకుండా సెట్టింగులలో ఆపుకోవచ్చు. ఎన్ని ఏళ్ళ వారు చూడదగినదో ప్రతి కార్యక్రమము మీద చూపాలనీ, పిల్లలు తెరవకుండా తాళము పెట్టుకునే వీలు ఇవ్వాలనీ 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వము నియమాలు తెచ్చింది, వాటిని వాడుకోండి. చూసేది కలిసి చూడండి, చూసినదాన్ని గూర్చి మాట్లాడుకోండి. అన్నిటికంటె ముందు ప్రార్థన.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో దేవుడు తన మాటలను ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమన్నాడు. ఆ నాలుగు వేళలూ ఈనాడు ఫోనుకే పోతున్నాయి. వాటిలో ఒక్కటైనా తిరిగి తెచ్చుకుందాము.

మా నట్టింటిలో ఆ నులకమంచము ఇప్పటికీ ఉన్నది. రాత్రి పడుకోబోయే ముందు దాని పక్కన ఒక మంచినీళ్ళ చెంబు పెడతాము. తాగేవారు లేరు. అయినా పెడతాము. ఆ చెంబు చూసినప్పుడల్లా ఒకరినొకరు పిలిచి పలకరించుకుంటాము. మన చెవులు మన ఇళ్ళలోనే ఉండునట్లు ప్రభువు మనకందరికీ కృప దయచేయును గాక. ఆమేన్.