అపోలో బందరు ఒడ్డున ఆతిథ్యము

ఎలిఫెంటా ద్వీపమునుండి మరలివచ్చు లాంచీలో కూర్చుండి ముంబయిలోని అపోలో బందరు తీరమువైపు చూచువారికి దూరమునుండియే కానవచ్చునది గేట్‌వే ఆఫ్ ఇండియా తోరణము కాదు. దాని వెనుక ఎఱ్ఱని గుమ్మటములతో, బూడిదవన్నె రాతిగోడలతో, వరుసలు తీరిన గవాక్షములతో సముద్రాభిముఖముగా నిలిచియున్న తాజ్ మహల్ ప్యాలెస్ హోటలు. తోరణమును చూడవచ్చు జనులకొఱకే ఆ హోటలు పక్కన వెలసినదని పలువురు తలంతురు గాని, రెంటిలో హోటలే జ్యేష్ఠము. అది 1903వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన తలుపులు తెరచినది. తోరణము 1924లో గాని పూర్తి కాలేదు. తొలినాటి అతిథులు తమ కిటికీలు తెరచినపుడు వారి చూపునకు అడ్డు వచ్చు కట్టడమేదియు లేక, రేవులో లంగరు దించిన ఓడలును, వాని వెనుక కొండలనీడలును మాత్రమే కానవచ్చెడివి.

దీనిని కట్టించిన జంషెడ్జీ నుస్సర్వాంజీ టాటాను ఆంగ్లేయుల హోటలొకటి గుమ్మములోనే నిలిపివేసినదనియు, ఆ పౌరుషముచేత ఆయన ఇంతటి సౌధమును లేపెననియు ఒక కథ లోకములో వ్యాపించియున్నది. దానికి గట్టి ఆధారములు లేవు. అది లేకున్నను ఆయన గొప్పతనమునకు వచ్చిన లోటును లేదు. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించి, ఇండ్లకు ఇండ్లు శూన్యములై, జనులు నగరమును విడిచి పరుగులెత్తిన రోజులకు వెనువెంటనే, ఈ నగరమునకు పరదేశులు మరల ధైర్యముగా రాగల చోటొకటి ఉండవలెనని సంకల్పించి, తన సొంత ధనమును వెచ్చించి, ఐరోపా నగరములు తిరిగి కావలసిన సామగ్రిని స్వయముగా ఏరి తెచ్చిన మనిషి ఆయన. సీతారామ్ ఖండేరావు వైద్య, డి. ఎన్. మిర్జా అను భారతీయ శిల్పులు రూపకల్పన చేయగా, ఛేంబర్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు పని ముగించెను. ప్రారంభదినమున వచ్చిన అతిథులు పదునేడుగురే. మరుసటి యేడు మే మాసములో జంషెడ్జీ జర్మనీ దేశమున కన్నుమూసెను; తాను నాటిన చెట్టు నీడ ఆయనకు ఆరు నెలలైనను దక్కలేదు.

నన్ను ఆ హోటలునకు తోడ్కొనిపోయినవారు ముంబయిలో ఓడల వ్యాపార సంస్థ యొకదానిలో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన కాకినాడ వాస్తవ్యులు, నాకంటె వయసున పెద్దవారు. వారు తమ పెండ్లిరోజున ప్రతి సంవత్సరమును సముద్రమువైపు గదిలో ఒక రాత్రి గడుపుట నియమముగా పెట్టుకొన్నవారు. నడుమ నడుమ తేనీటికి వచ్చుచుందురు. పెద్ద హోటలులు తమ వద్దకు మాటిమాటికి వచ్చు అతిథులకు చేయు మర్యాద యెట్టిదో, అందుకొఱకు అవి ఏర్పరచిన సభ్యత్వములు, పాయింట్లు, రాయితీలు మొదలగువాని పరమార్థమేమో దగ్గరనుండి చూడవలెనని నేను కోరగా, వారు సంతోషముతో వెంటబెట్టుకొని వచ్చిరి.

గుమ్మమువద్ద సామానులను యంత్రములో పరీక్షించి మమ్ము లోనికి విడిచిరి. ఆ పరీక్ష ఎందుకు వచ్చినదో ఎఱిగిన మనిషికి అది విసుగు పుట్టింపదు. లాబీలో నడచుచుండగా ఎడతెగని పూలవాసన. నేలరాతిపై అడుగుల చప్పుడు సయితము మెత్తగా వినవచ్చెను. పాత భవనములోని మహాసోపానము మొదట జంషెడ్జీ ప్రతిమ కలదు. ఆ మెట్ల వరుస క్రింద స్తంభాధారము లేకయే, గోడనుండి పొడుచుకొని వచ్చిన రాళ్ళపై నిలిచి, పై అంతస్తులవఱకు సాగిపోవును. తలయెత్తి చూచినచో నడినెత్తిన గుమ్మటపు లోపలి వంపు కనబడును. ఈ భవనమునకు తొలుత ముఖద్వారము సముద్రమువైపు గాక నేలవైపున, నేడు ఈతకొలను ఉన్న చోట ఉండెడిది. గుఱ్ఱపుబండ్లు ఆవైపున దిగవిడువగా, సముద్రపుగాలి మాత్రము అతిథులకు గదులలో దక్కవలెనన్నది ఆ ఏర్పాటులోని ఆంతర్యము. ఇల్లు కట్టునపుడే అతిథి సుఖమును ముందు తలంచిన ఆ బుద్ధి నాకు మిక్కిలి నచ్చినది.

మిత్రులు తమ ఫోనులోని యాప్‌ను తెరచి సభ్యత్వ వివరములు చూపిరి. వెండి, బంగారము, ప్లాటినము మొదలగు లోహనామములతో మెట్లు. సంవత్సరములో చేసిన ఖర్చునుబట్టి ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు ఎగబ్రాకుట. పై మెట్టువారికి, అందుబాటులో ఉన్నచో, ఇంకొంత మంచి గది, ఖాళీచేయుటకు మధ్యాహ్నము దాటినను గడువు, భోజనముపై తగ్గింపు. టాటా వారి హోటలులలో కూడిన పాయింట్లు 2022 నుండి వారి ఇతర వ్యాపారములతో కలిసిపోయి, ఒక్కొక్కటి ఒక్కొక్క రూపాయికి సమానమైన నాణెములుగా మారినవి. ఈ పద్ధతి హోటలులు తామై కనిపెట్టినది కాదు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను విమాన సంస్థ, ప్రయాణించిన మైళ్ళను లెక్కించి ప్రయాణికులకు బహుమానములిచ్చుట మొదలుపెట్టగా, 1983లో హాలిడే ఇన్, మారియట్ సంస్థలు దానిని హోటలు గదులకు అన్వయించినవి. నాటినుండి లోకములోని గొప్ప హోటలులు పెక్కు ఆ త్రోవనే పట్టినవి.

మేము మొదటి అంతస్తులోని సీ లౌంజ్‌నకు చేరితిమి. కిటికీల వెంబడి బల్లలు, అద్దముల ఆవల తోరణమును, పడవలును, పావురములును. ఒక మూల పియానో. ముంబయిలోని సంపన్న కుటుంబములు తరతరములుగా ఇచ్చటనే పెండ్లిచూపులు జరుపుకొనుట పరిపాటి. మిత్రులు బల్లవద్దకు పోకముందే వడ్డనవాడు కుర్చీని రెండంగుళములు వెనుకకు లాగి, ఎడమచేతివైపున చిన్న దిండు ఉంచెను. కారణమడుగగా, నాలుగు సంవత్సరముల క్రిందట వారికి నడుమునొప్పి వచ్చినదట. అప్పుడొక్కమారు అడిగి తెప్పించుకొన్న దిండు, ఆ పిమ్మట అడుగకుండగనే వచ్చుచున్నదట. చక్కెరలేని టీ, భేల్‌పురి కూడ చెప్పకుండగనే వచ్చినవి. భేల్‌పురిలో ఉల్లిపాయ లేదు. వారు ఉల్లి తినరు. పెండ్లివారి విడిదిలో ఎవరికి ఏ వేళ ఏమి కావలెనో కనిపెట్టి తిరుగాడు పెద్ద ముత్తైదువవలె ఆ వడ్డనవాడు బల్లల నడుమ సంచరించుచుండెను.

"ఏమండీ, ఈ యాప్‌లో నా దిండు సంగతి ఎక్కడా లేదు," అనిరి మిత్రులు. "తగ్గింపు ఎక్కడైనా ఇస్తారు. నేను వచ్చేది దీనికోసం."

ఆ పక్క బల్లవద్ద, చూడగనే ఇంతటి చోటికి మొదటిమారు వచ్చినట్లు తెలియుచున్న యువదంపతులు కూర్చుండియుండిరి. ఆకుటీతో కూడ వచ్చిన వెండి జల్లెడను ఎట్లు వాడవలెనో తెలియక ఆ అమ్మాయి దానిని చేతబట్టుకొని తటపటాయించుచుండగా, వడ్డనవాడు ఆమెకు ఏమియు చెప్పలేదు; వారి కెటిల్‌ను తానే అందుకొని, జల్లెడను కప్పుపై నిలిపి, ఒక కప్పు నింపి, రెండవ కప్పును ఆమెకే విడిచి, చిరునవ్వుతో తొలగిపోయెను. ఆమె రెండవ కప్పును తానే నింపుకొనినది. వారికి ఏ లోహపు సభ్యత్వమును ఉండదు. మరల వత్తురన్న ఆశయు హోటలునకు ఉండనక్కరలేదు. అయినను మా మిత్రులకు దక్కిన శ్రద్ధకు వారికి దక్కినది వీసమైనను తక్కువ గాదు.

ఇచ్చట నాకు ఒక మాట గట్టిగా చెప్పవలెననిపించుచున్నది. పాయింట్లు అతిథి చేసిన ఖర్చును కొలుచును. ఆ ఖర్చు అతని సంపాదనలో ఎన్నవ పాలో కొలువజాలవు. సంస్థ సొమ్ముతో నెలకు పదిరాత్రులు గడుపు ఉద్యోగి పై మెట్టునకు చేరును. ఏడాది పొడుగున కూడబెట్టి ఒక్క సాయంకాలము ఇచ్చట టీ త్రాగవచ్చిన దంపతులు ఏ మెట్టుమీదను నిలువరు. రాయితీలు ఇచ్చుట తప్పని నేననను. వ్యాపారమునకు అవి కావలెను, అతిథులును వానిని కోరుదురు. కాని శ్రద్ధను మాత్రము మెట్లుగా విభజించిననాడు ఆ గృహము గృహముగా మిగులదు. ఈ హోటలులో ఆ విభజన వడ్డనవాని చేతివఱకు దిగలేదని కన్నులార చూచి సంతసించితిని.

టీ తెచ్చిన కుఱ్ఱవానికి తోడుగా పని నేర్చుకొనుచున్న మరియొక యువకుడు మా మాటలు విని తెలుగున పలుకరించెను. శ్రీకాకుళము జిల్లా, టెక్కలి సమీపమట.

"అందరి ఇష్టాయిష్టాలు ఎలా గుర్తుంటాయి బాబూ?" అని అడిగితిని.

"రాసుకుంటామండి. ఎవరికి ఏది ఇష్టం, ఏది పడదు, అన్నీ కంప్యూటర్లో ఉంటాయి. కానీ అది చూసి పలకరిస్తే అవతలోళ్ళకి తెలిసిపోతాదండి. పొద్దున్నే చదువుకోవాల. వాళ్ళొచ్చినప్పుడు చదివినట్టు కనపడకూడదు."

ఇంతకుమించి ఆతిథ్యశాస్త్రమును ఒక వాక్యములో ఇముడ్చుట కష్టము.

తాజ్ సంస్థ తన సిబ్బందిని మహానగరములనుండి గాక ఎక్కువగా చిన్న పట్టణములనుండి ఎన్నుకొనుననియు, పెద్దలయెడ గౌరవము, ఇతరుల అవసరమును గుర్తించు స్వభావము ఉన్నవా యని మొదట చూచుననియు, పదునెనిమిది నెలలు శిక్షణ ఇచ్చుననియు, హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రోహిత్ దేశ్‌పాండే సహరచయితగా 2011లో ప్రకటించిన అధ్యయనములో చదివితిని. అందులో నన్ను ఆకర్షించిన విశేషమొకటి: 2001లోనే ఆ సంస్థ తన ఉద్యోగులకును పాయింట్ల పద్ధతి నొకదానిని ఏర్పరచినది. అతిథి మెచ్చుకొన్నను, తోటి ఉద్యోగి మెచ్చుకొన్నను, ఆ మెప్పు ఉద్యోగి లెక్కలో చేరును. పై అధికారి దానిని ఆలస్యము చేయక గుర్తించి కృతజ్ఞత తెలుపవలెను. అనగా ఈ గృహములో ఖాతాలు రెండు. అతిథి ఖాతా ధనముచేత పెరుగును, సేవకుని ఖాతా దయచేత పెరుగును. మొదటిదానిని గూర్చి ప్రకటనలు వెలువడును; రెండవదానిని గూర్చి వినువారు తక్కువ. నా దృష్టికి రెండవదే మూలధనము.

ఆ మూలధనము ఎంతటిదో లోకమునకు తెలిసిన రాత్రి 2008 నవంబరు 26. సాయుధులు హోటలులో చొరబడి కాల్పులు సాగించుచుండగా, దారులన్నియు ఎఱిగిన సిబ్బంది పారిపోవుట సులభమైయుండియు పారిపోలేదు. ఒక విందుశాలలో ఇరువదినాలుగేండ్ల యువతి మల్లికా జగద్ తలుపులు మూయించి, దీపములార్పించి, రాత్రియంతయు అతిథులకు ధైర్యము చెప్పుచు నిలిచెను. వంటశాలవారు అతిథులను వెలికి పంపుచు, తూటాలకు తమ దేహములనే గోడగా నిలిపిరి. టెలిఫోను ఆపరేటర్లను సురక్షితముగా బయటికి చేర్చిన పిమ్మట, వారు తామై లోనికి మరలివచ్చి, స్విచ్‌బోర్డువద్ద కూర్చుండి, గదిగదికి ఫోను చేసి, తలుపు గడియపెట్టుకొనుడని, దీపములార్పుడని చెప్పుచుండిరి. వేయికి పైబడిన అతిథులు ప్రాణములతో బయటపడిరి. హోటలులో మరణించిన ముప్పదియొక్కరిలో పదునొకొండుగురు దాని ఉద్యోగులు. ఆ ముప్పదియొక్క పేర్లు లాబీలోని స్మారకమున చెక్కబడియున్నవి. అతిథికిని ఉద్యోగికిని అక్కడ వేఱువేఱు వరుసలు లేవు. ఆ టెలిఫోను ఆపరేటర్లు గదులకు ఫోను చేయునపుడు ఏ గదివారు ఏ మెట్టు సభ్యులో చూచియుండరు. గది సంఖ్య యొక్కటే చూచియుందురు.

నూతన భవనభాగము డిసెంబరు 21వ తేదీననే, అనగా నెలయైనను గడువకమునుపే తెరువబడినది. ఆ దాడిలో దగ్ధమైన పాత భవనము మరమ్మతులు ముగించుకొని 2010 ఆగస్టు 15న తలుపులు తీసినది. ఇంతలో ఆ సంస్థ ఆపదలలో చిక్కినవారికొఱకు ఒక ధర్మనిధిని స్థాపించినది. ఆ ఆగస్టు మాసాంతమున మా మిత్రులు సీ లౌంజ్‌నకు పోగా, తమను ఎఱిగిన పాత వడ్డనవాడే ఎదురేగి నమస్కరించెనట. ఇరువురును చాలసేపు మాటాడలేకపోయిరట. ఆ సంగతి చెప్పునపుడును వారి కంఠము కొంత జీరవోయినది.

టీ ముగించి క్రిందికి దిగితిమి. రిసెప్షన్‌వద్ద మిత్రులు రాబోవు పెండ్లిరోజునకు సముద్రమువైపు గదినే నిర్ణయింపుమని కోరి, ఇన్నేండ్లుగా కూడిన పాయింట్లను ఆ లెక్కలో కట్టుకొనుమనిరి. అమ్మాయి లెక్కచూచి, పాయింట్లు చాలవనియు, నగరమువైపు గది యైనచో భేదము స్వల్పమే యగుననియు వినయముతో తెలిపెను.

"సముద్రం వైపే ఉంచమ్మా," అని చెప్పి, మిగిలిన సొమ్మును కార్డుతో చెల్లించి, రసీదు తీసికొని వారు బయటికి నడచిరి.