చాచా పేరు

కోటవురట్లలో (అప్పటికి మాది విశాఖ జిల్లా) మా చాచాకి రెండు పేర్లు. ఇంట్లో ఒకటి. వీధిలో 'కంతి సాయిబు'. ఎడమ చెంపమీద నిమ్మకాయంత మొదలై, మేం పెద్దయ్యేసరికి మెడదాకా జారిన కంతి. గొడుగులు బాగుచేసేవాడు. వానాకాలం వస్తే ఊరు ఊరంతా ఆయన గడపలోనే. 'కంతి సాయిబు కాడికెళ్లి గొడుగు తేరా' అనేవాళ్లు. ద్వేషంతో కాదు, అలవాటుకొద్దీ. కంతీ ఆయన పేరు కాదు, సాయిబూ కాదు. మాకు కంతి లేదు. అయినా రెండో సగం మా వెంట బడికీ వచ్చింది, కాలేజీకీ వచ్చింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' అన్నది ఆ సగాన్నే.

విశాఖలో బి.ఏ. చదివేటప్పుడు 'ది ఎలిఫెంట్ మ్యాన్' చూశాం. 1980లో డేవిడ్ లించ్ తీసిన నలుపు తెలుపు సినిమా. 1880లనాటి లండన్. ఒళ్లంతా కంతులు పెరిగిన మెరిక్‌ని డబ్బులకి చూపిస్తుంటారు. ట్రీవ్స్ అనే డాక్టరు ఆసుపత్రికి తెచ్చుకుంటాడు. రైల్వేస్టేషన్లో జనం తరిమి, ముసుగు లాగితే, తను జంతువు కాదు మనిషినని అరుస్తాడు. అక్కడ మేం ఏడ్చాం. జాన్ హర్ట్ మొహమంతా మేకప్పే. నటించిందల్లా కళ్లతోనూ గొంతుతోనూ. 8 ఆస్కార్ నామినేషన్లొచ్చాయి, ఒక్కటీ దక్కలేదు.

తర్వాత చదివితే తెలిసింది. ఆయన అసలు పేరు జోసెఫ్. ట్రీవ్స్ తన జ్ఞాపకాల్లో జాన్ అని రాశాడు. సినిమా అదే ఉంచేసింది. అంత ఏడిపించిన సినిమా ఆ మనిషి పేరు ఆయనకివ్వలేదు! సినిమాలో ప్రదర్శన నడిపేవాడు తాగుబోతు, చావబాదుతాడు. అసలు జోసెఫ్ అయితే లీస్టర్‌లో దిక్కులేని పేదల్ని పెట్టే చోట ఏళ్లతరబడి మగ్గి, అక్కణ్నించి బయటపడ్డానికి ప్రదర్శనవాళ్లకి తనే కబురు పెట్టాడు. ట్రీవ్స్ మాత్రం? తోటి డాక్టర్ల సభలో ఆయన్ని నిలబెట్టి చూపించాడు. 1890లో 27 ఏళ్లకే జోసెఫ్ పోయాడు. అస్థిపంజరం వైద్యకళాశాల వాళ్లు ఉంచుకున్నారు.

సినిమాలో ఒక రాత్రి ట్రీవ్స్ భార్యనడుగుతాడు, నేను మంచివాణ్నా, చెడ్డవాణ్నా అని. ఆ ప్రశ్న అప్పుడు మాకు తగల్లేదు.

పత్రికలో చేరిన కొత్తలో ఆదివారం పేజీకి చాచా గురించి రాశాం. ఫొటో ఎడమ పక్కనుంచి తీయించాం, కంతి బాగా కనబడేట్టు. శీర్షిక 'కంతి సాయిబు'. డెస్కు వాళ్లు పెట్టింది కాదు, మేం పెట్టిందే. కంట తడి పెట్టుకున్నామని పాఠకులు ఉత్తరాలు రాశారు. సెక్యులర్ మిత్రులు భుజం తట్టారు, మీవాళ్ల గురించి ఇలాంటివి ఇంకా రావాలన్నారు.

చాచాకి తెలుగు చదవడం రాదు. పేపరు పట్టుకెళ్లి, ఉర్దూలో చెప్పుకుంటూ మొత్తం వినిపించాం. చేతిలో గొడుగు ఊచ అలాగే పట్టుకుని విన్నాడు.

"ఇస్మే మేరా నామ్ కాఁ హై బేటా?" అన్నాడు.

ఇందులో నా పేరేదిరా, అని. ఉందని చూపించబోయాం. మొదటి పేరా చూశాం, రెండోది చూశాం, ఫొటో కింద చూశాం. లేదు.

ఇక్కడైనా రాద్దామనుకున్నాం. రాయొచ్చా అని అడగడానికి ఇప్పుడు చాచా లేడు.