మోతీ కోసం ఒక ఆర్‌డీ

లాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటామనగానే కరీంనగర్‌లో ఎవరైనా మొదట అడిగేది, "ఎంతకిస్తున్నరు?" అని. నేను మాత్రం ముందు నెల ఖర్చు రాసుకున్నాను. తిండి, టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు, ఎండాకాలం కరెంటు బిల్లు. 12,000 పెట్టి కొనే పిల్ల పదేళ్లకు పైగా మన జీతంలో వాటా అడుగుతుంది.

అందుకే కొనే ముందు ఆరు నెలల పాటు బ్యాంకులో నెలకు 3,000 ఆర్‌డీ కట్టాను. డబ్బు జమయింది సరే, ఆ 3,000 లేకుండా ఇల్లు గడుస్తుందో లేదో కూడా తేలిపోయింది. గడిచింది. చిట్టీ ఎత్తుదామని ఇంట్లో అన్నారు గానీ, తొందరపడి పాట పాడితే ఎంతో కొంత వదులుకోవాలి. కుక్కపిల్ల కోసం ఒక్క రూపాయి కూడా అప్పు చేయొద్దని గట్టిగా అనుకున్నాను.

నెల పిల్లను తక్కువకే ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. ఎనిమిది వారాలు నిండనిదే అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తల్లిపాలు సరిగా తాగని పిల్లకు పార్వో సోకితే, బేరంలో మిగిలిందంతా సెలైన్లకే చాలదు. పదహారు వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఈ టీకాల డబ్బును విడివిడి కవర్లలో పెట్టి, పైన తేదీలు రాసి, బీరువాలో దాచాను.

ఆ తర్వాతే పిల్లను తెచ్చి మోతీ అని పేరు పెట్టాం. దానికి పాలపళ్లు ఊడే రోజుల్లో కూలర్ గడ్డి, చెప్పులు, చార్జర్ వైరు ఏదీ మిగలదు. చెప్పులు బీరువాలోకి, వైర్లు గోడపైకి ఎక్కాయి. ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ ఇచ్చి పక్కన కూర్చుంటే చిగుళ్ల దురద తగ్గి హాయిగా నమిలేది. బొమ్మల మీద పెద్దగా ఖర్చు పెట్టలేదు.

అసలు పరీక్ష తిండి దగ్గర. గిన్నె నాకేసి, రెండు కాళ్లూ అమ్మ ఒళ్లో పెట్టి చూస్తుంది. "పాపం, కడుపు నిండలే బిడ్డా, గింత గట్కన్న ఎయ్యరాదు," అంటుంది అమ్మ. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు తిన్నా తృప్తినివ్వని ఒక జన్యుమార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. అమ్మకు ఇదే విడమరిచి చెప్పి, స్టీలు గ్లాసు మీద గీత గీశాను. పూటకు ఆ గీత వరకే. ఉల్లిగడ్డ కలిసిన పులుసన్నం అసలే వద్దు, అది కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. బరువు పెరిగితే తిండి ఖర్చు ఒకటి, తుంటి కీళ్ల వైద్యం ఇంకొకటి.

లాబ్రడార్ల పూర్వీకులది న్యూఫౌండ్‌లాండ్ చలిసముద్రం. డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లోని అక్క వాళ్లింట్లో మేమంతా చలిమంట వదలకపోతే, మోతీ మాత్రం వాకిట్లో హాయిగా పడుకుంటుంది. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు. పొద్దు పొడవకముందే నడక, పగలంతా కూలర్. ఆ రెండు నెలల బిల్లు కోసం చలికాలం నుంచే కొంత పక్కన పెడతాను.

పెద్ద జబ్బేదైనా వస్తే సలహాకు కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. డబ్బు మాత్రం మన దగ్గరే ఉండాలి. మొదటి ఆర్‌డీ మెచ్యూర్ కాగానే నెలకు 1,000తో ఇంకోటి మొదలుపెట్టాను. మోతీకి ఎనిమిదేళ్లు దాటేదాకా దాన్ని ముట్టుకోను.