చెడ్డ దెబ్బకు పనికొచ్చే కర్ర

ముప్పై ఏళ్ళుగా అప్పులిచ్చే ఉద్యోగం చేస్తున్నాను. అప్పు కోసం వచ్చినవాడు ఎప్పుడూ తన మంచి సంవత్సరం లెక్కలే ముందు పెడతాడు. మేం మాత్రం అతని చెడ్డ సంవత్సరం ఎలా గడిచిందో చూసిగాని సంతకం పెట్టం. ఇన్నేళ్ళు ఇతరుల మీద ప్రయోగించిన ఈ సూత్రాన్ని నా విషయం వచ్చేసరికి శుభ్రంగా మరచిపోయాను. గుర్తు చేసినవాడు ఒక కేడీ.

యాభై రెండో ఏట డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. ఉత్తినే నడవడం విసుగనిపించి, పదవీ విరమణ చేసిన ఒక మిత్రుడి వెంట గోల్ఫుకు వెళ్ళాను. బెంగళూరుకు ఈ ఆట కొత్తది కాదు. ఇక్కడి గోల్ఫు క్లబ్బు 1876 నాటిది. మా ఇంటికి మాత్రం కొత్తే. "గోళీలాటకు ఇంత దూరం పోవాలా?" అని మా ఆవిడ నవ్వింది. ఏడాది పాటు మిత్రుడి పాత కర్రలతోనే ఆడాక, సొంత సెట్టు కొనుక్కోవాలని బుద్ధి పుట్టింది.

ఐరన్లంటే ఇనుప తల ఉన్న కర్రలు. నంబరు పెరిగేకొద్దీ కర్ర పొడవు తగ్గుతుంది, తల వాలు పెరుగుతుంది, బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. సంచిలో అన్నీ కలిపి 14 కర్రలకు మించకూడదని నియమం. అందులో సుమారు సగం ఈ ఐరన్లే. కనుక వీటి ఎంపికలో పొరపాటు చేస్తే సగం ఆట పోయినట్టే.

దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి బ్లేడు. తల సన్నగా, నున్నగా, వెండి చెంచాలా మెరుస్తూ ఉంటుంది. రెండోది కావిటీ బ్యాక్. వెనకాల గుంట, అడుగున మందం, చూపుకు మొరటు. నా కళ్ళు బ్లేడు మీదే నిలిచాయి. వల ముందు నిలబడి అయిదు బంతులు కొట్టాను. నాలుగు ఎలా పోయాయో చెప్పను. అయిదోది మాత్రం తగిలినట్టే తెలియకుండా వెళ్ళింది. ఆ ఒక్క దెబ్బకే పడిపోయాను. ధర లక్ష దాటినా, మనసులో వాయిదాలు కూడా కట్టేసుకుని, ఆదివారం వచ్చి తీసుకుంటానని చెప్పి వచ్చాను.

శనివారం ఆటకు పోయినప్పుడు ఈ సంగతి కేడీతో చెప్పాను. అతనిది కోలారు బంగారు గనుల ప్రాంతం. అక్కడ గనులు నడిపిన ఆంగ్లేయులు తమ క్లబ్బుకు గోల్ఫు మైదానం కూడా ఏర్పాటు చేసుకున్నారు. ఇతని తండ్రి అక్కడ సంచులు మోశాడట. 2001లో గనులు మూతపడ్డాక కుటుంబం బెంగళూరు చేరింది. అందరితో కన్నడంలో మాట్లాడే ఈ మనిషి, నా పేరు విన్న రోజు నుంచి నాతో తెలుగే మాట్లాడతాడు.

"ఒద్దు సార్," అన్నాడు. "మంచి దెబ్బ దేంతో కొట్టినా మంచిగానే పోతాది. మీ చెడ్డ దెబ్బ దేంతో బాగ పోతాదో అది చూసి తీసుకోండి."

నా ఏడో నంబరు ఐరన్ ముఖానికి సుద్దపొడి పూసి, ఇరవై బంతులు కొట్టించాడు. ఒక్కో దెబ్బకు పడిన మచ్చను చూసి నేను కాగితం మీద గీతలు గీశాను. నడిమధ్య తగిలినవి 4. కొస వైపు 11, మడమ వైపు 5. ఇలాంటి జమాఖర్చు చూపించినవాడికి నేనైతే అప్పివ్వను.

ఆ మొరటు కర్రలోని గుట్టు తర్వాత చదివి తెలుసుకున్నాను. తాడు మీద నడిచే మనిషి చేతిలో పొడవాటి గడ ఉంటుంది. బరువు రెండు కొసలకూ ఉండబట్టి అది చటుక్కున తిరగదు. కావిటీ బ్యాక్ లోనూ అంతే. నడుమ నుంచి లోహం తీసి అంచులకు చేర్చారు. బంతి పక్కకు తగిలినా తల అంతగా మెలి తిరగదు. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన కార్‌స్టెన్ సోల్‌హైమ్, నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు. ఆయన కూడా నలభై దాటాకే గోల్ఫు మొదలుపెట్టాడు. ఆయన స్థాపించిన పింగ్ కంపెనీ 1982లో తెచ్చిన ఐ 2 ఐరన్లు లోకమంతా తిరిగాయి.

మరో మోసం కూడా తప్పించుకున్నాను. కొత్త ఏడో నంబరుతో బంతి చాలా దూరం పోతుందని అమ్మేవారు మురిపిస్తారు. పాతకాలం ఏడో నంబరుకు సుమారు 35 డిగ్రీల వాలు ఉండేది. ఇప్పటివాటిలో చాలావాటికి 30 డిగ్రీలో, అంతకన్నా తక్కువో. అంటే పాత ఆరో నంబరుకో అయిదో నంబరుకో ఏడు అని ముద్ర వేసినట్టు. నోటు మీద అంకె అదే, విలువ మారింది. బ్యాంకువాడికి ఇది వేరే చెప్పాలా?

చివరికి ఒకరు వాడి వదిలేసిన కావిటీ బ్యాక్ సెట్టు, బ్లేడు ధరలో సగం కూడా లేనిది, తీసుకున్నాను. అయిదు నుంచి తొమ్మిది, ఒక పిచింగ్ వెడ్జి. మూడు, నాలుగు నంబర్లు నా వేగానికి లేవవని కేడీ ముందే కొట్టేశాడు. నా భుజానికి ఉక్కు కాడ బరువు కనుక తేలికైన గ్రాఫైట్ కాడ. కొనేముందు మళ్ళీ ఇరవై బంతులు కొట్టాను. బాగా తగిలినవి బ్లేడంత హాయిగా లేవు, ఒప్పుకుంటాను. కాని ఇదివరకు నేలమీద దొర్లిపోయే దెబ్బలు ఇప్పుడు గాలిలోకి లేచాయి.

కర్రల మాట ముగిసేలోగా ఇంకొకటి చెప్పాలి. ఒకనాడు ఆ కేడీ, "నా తెలుగు సరిగుండదు సార్, మీరు నవ్వుకోవద్దు" అన్నాడు. చిత్తూరు వైపు ఒక పెళ్ళిలో ఎవరో నవ్వారట. నాకు నా సంగతే గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం ఆంధ్రలో ఒక బ్రాంచికి డెప్యుటేషన్ మీద వెళితే, కన్నడం కలిసిన నా మాటకు కౌంటరు వెనక నవ్వులు వినిపించాయి. మర్నాటి నుంచి అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంగ్లీషే మాట్లాడాను. బ్లేడు లాంటి భాష పట్టుకోలేక, ఆటే మానేశానన్నమాట.

"నువ్వు మాట్లాడప్పా," అన్నాను. "నాకు అర్థమవుతోంది కదా."

ఆ సాయంత్రం నా ఏడో నంబరు దెబ్బ మళ్ళీ కొసకే తగిలింది. బంతి గ్రీన్‌కు ఇరవై గజాల ఇవతల పడింది, కాని తిన్నగానే పడింది. అతను సంచి భుజానికెత్తుకుంటూ, "పోయింది కదా సార్, చాలు" అన్నాడు.