కారు టాపు మీద టెంటు

కారు మీద బిగించే రూఫ్ టాప్ టెంటు కొందామని ఎక్సెల్ షీట్ మొదలుపెట్టి మూడు నెలలైంది. బరువు, ధర, పరుపు మందం, వానకు ఆగుతుందా, మడిస్తే ఎత్తెంత... పదకొండు కాలమ్స్ తేలాయి. ఆఫీసులో ఇంత శ్రద్ధగా పనిచేసుంటే ఈపాటికి ప్రమోషన్ వచ్చేది.

టెంటు నా ఒక్కడి కోసం కాదు. మా నాన్న ముప్ఫై ఏళ్లు లారీ నడిపాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎక్కించుకుని ఎన్నో ఊళ్లు తిరిగాడు కానీ, ఏ ఊరూ చూడలేదు. లోడు దించడం, వెనక్కి రావడం, అంతే. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చుంటున్నాడు. ఆయన్ని కార్లో తీసుకెళ్లి, నచ్చిన చోట ఆగి, అక్కడే పడుకుని, తీరిగ్గా చూపించాలని నా ఆశ.

మొదటి చిక్కు బరువు దగ్గరే వచ్చింది. నా కారు మాన్యువల్‌లో టాపు మీద 50 కిలోలు మించకూడదని ఉంది. నేను చూసిన టెంట్లు చాలావరకు 50 నుంచి 70 కిలోలు. వాటిని బిగించే అడ్డకమ్మీల బరువు కూడా అందులోకే వస్తుంది. మరి ఇద్దరు మనుషులు పైన ఎలా పడుకుంటారు? డైనమిక్ లోడ్, స్టాటిక్ లోడ్ అంటూ నెట్‌లో పేజీలకు పేజీలు చదివా. నాన్న మాత్రం టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే తేల్చేశాడు.

"ఆగిన బండి వేరు, నడిచే బండి వేరురా. ఆగితే బరువు సక్కగ చక్రాల మీదికి దిగుతది. మలుపు తిరిగితే అదే బరువు పక్కకు గుంజుతది. బ్రేకేస్తే ముందుకు నూకుతది. పైన లోడున్న లారీ ఎట్ల ఊగుతదో నాకు తెల్వదా?"

నిజమే. మాన్యువల్‌లో ఉన్నది నడిచేటప్పటి లెక్క. ఆగాక అదే టాపు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. దాంతో బరువైన టెంట్లన్నీ షీట్లోంచి లేపేశా.

మిగిలినవి రెండు రకాలు. పెట్టెలా గట్టి మూత ఉండేది నిమిషంలో తెరుచుకుంటుంది, ధర ఎక్కువ, చోటు తక్కువ. గుడ్డది విప్పడానికి టైం పడుతుంది కానీ, సగభాగం కారు దాటి బయటికి వస్తుంది కాబట్టి కాస్త విశాలం. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దూలం ఎత్తు కూడా టేపుతో కొలిచా. మడిచిన టెంటు దాదాపు అడుగు ఎత్తు పెంచుతుంది మరి.

"కొనేముందు ఒక రాత్రి పడుకుని చూడరాదూ" అన్నాడు నాన్న. టెంటు బిగించిన జీపు రెండు రోజులకు అద్దెకు తీసుకుని, జనవరిలో గండికోట వెళ్లాం.

సాయంత్రం లోయ అంచున నిలబడ్డాడు. కింద పెన్న, రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు. చాలాసేపటికి అన్నాడు: "కడపకు ఎన్నిసార్లు లోడు తెచ్చిన్నో. ఇది ఈడున్నదని తెల్వదు."

ఓ రైతును అడిగి ఆయన చేను పక్కన జీపు ఆపాం. బండి వాలుగా ఉంటే రాత్రంతా ఒకరి మీదికి ఒకరు దొర్లడమే. నాన్న చూసి, వెనక చక్రం కింద చదును రాయి పెట్టించాడు. నిచ్చెన పట్టుకుని మెల్లగా తనే ఎక్కాడు. లారీ టాపు మీద, బియ్యం బస్తాలపై కప్పిన పట్టా మీద పడుకున్న ఎండాకాలం రాత్రుల గురించి చెబుతూ ఉంటే నాకు నిద్ర పట్టేసింది.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. మా ఊపిరికే లోపలి గోడ చెమ్మగిల్లింది. నాన్న అంచున కూర్చుని ఉన్నాడు. బాత్రూమ్‌కి వెళ్లాలి. మోకాలు వంగడం లేదు. నన్ను లేపకుండా ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నాడో.

నేను ముందు దిగి, చీకట్లో ఆయన పాదం చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టా. ఎనిమిది మెట్లు. నేల మీద కాలు పెట్టాక, "లారీ టాపు మీంచి దుంకేటోణ్ని" అన్నాడు, నా వైపు చూడకుండా.

మళ్లీ పైకి ఎక్కలేదు. ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. పైన ఒక్కణ్నే ఉండలేక నేనూ దిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నా. "నువ్వు డ్రైవర్‌వి, నేను క్లీనర్‌ని అయినమా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి పన్నెండో కాలమ్ పెట్టా: నాన్న అర్ధరాత్రి ఒక్కడే దిగగలడా? ప్రతి వరసలోనూ ఒకటే జవాబు. అసలు మొదటి కాలమ్ అదే కావాల్సింది.

రూఫ్ టాప్ టెంటు చెడ్డదని కాదు. నేల తడిగా ఉన్నా, రాళ్లున్నా బాధ లేదు. పురుగూ పుట్రా భయం తక్కువ. ఒంట్లో చేవ ఉన్న ఇద్దరికి బాగుంటుంది. కాకపోతే టెంటు మడవకుండా కారు కదలదు, టీ తాగొద్దామన్నా సరే. కొనాలనుకునేవాళ్లు కిలోల కన్నా ముందు, అందులో ఎవరు పడుకుంటారో, రాత్రి ఎన్నిసార్లు లేస్తారో రాసుకోండి.

చివరికి నిలబడేంత ఎత్తున్న నేల టెంటు, రెండు మడత మంచాలు కొన్నా. "నా కోసం మానుకోకురా" అని నాన్న రెండ్రోజులు గొణిగాడు. మూడో రోజు చూస్తే, బాల్కనీ కమ్మీకి టెంటు తాడు కట్టి గుంజి చూస్తున్నాడు. "నీ ముడి గాలికి ఆగదు, ఇట్ల కట్టాలె" అన్నాడు. రెండుసార్లు చూపించాడు. నాకింకా సరిగ్గా రావడం లేదు.