నాకెరుక లేదు బిడ్డా

 

మొన్న హాస్టల్‌ల ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మీ బాపమ్మ ఎరుక చెప్పేదట కదా. మరి దేవుడున్నడని మీకు ఖాయంగా తెలుసా, ఉత్త నమ్మకమేనా?" అప్పుడు నవ్వి ఊరుకున్న. రాత్రి నిద్ర పట్టలే. అందుకే రాస్తున్న.

మా తెగ పేరులోనే ఆ ప్రశ్న ఉంది. ఎరుక అంటే తెలిసి ఉండటం. "నాకెరుక" అంటే అనుమానం లేదని. బాపమ్మ గంప, కర్ర పట్టుకొని మంథని చుట్టుపక్కల ఊర్లు తిరిగేది. అడిగినోళ్ల చేతికి కర్ర తాకించి, కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని పిలిచి, జరగబోయేది చెప్పేది. శ్రీనివాస కల్యాణం కథల వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి పోయిండు. దేవుడికి కూడా మా గంప కావాల్సి వచ్చింది! అయినా ఊర్లల్ల మమ్మల్ని వాకిట్లనే కూర్చోబెట్టేటోళ్లు.

బాపు బొగ్గు బాయిల పనిచేసేటోడు. సెంటినరీ కాలనీ క్వార్టర్‌ల ఉండేటోళ్లం. నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు ఒకరాత్రి సెకండ్ షిఫ్టు దిగే టైం దాటినా బాపు రాలే. రూఫ్ పడిందని మాట వచ్చింది. లైన్ల ఆడోళ్లంతా బాపమ్మ చుట్టూ చేరిన్రు. "ఎరుక చెప్పవ్వా, వస్తడా?" అమ్మ కర్ర తెచ్చి చేతికిచ్చింది. బాపమ్మ ముట్టలే.

"నాకెరుక లేదు బిడ్డా" అన్నది.

జీవితమంతా ఎరుక చెప్పి బువ్వ తిన్న మనిషి ఆ మాటన్నది. తర్వాత మేడారం దిక్కు తిరిగి, కొడుకు ఇంటికొస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కింది. (తెల్వనోళ్ల కోసం: అక్కడ బంగారం అంటే బెల్లం.)

తెల్లారుజామున బాపు వచ్చిండు. మా లైన్ల ఇంకో ఇంటికి మాత్రం శవం వచ్చింది. ఆ ఇంటి పెద్దమ్మ కూడా రాత్రంతా సమ్మక్కకే మొక్కింది. దీన్ని నేను దాటిపోలేను. బాపు వచ్చుడు తల్లి ఉన్నదనేదానికి రుజువైతే, ఆయన రాకపోవుడు దేనికి రుజువు? బాపమ్మను అడిగితే, "రుజువని నేనెప్పుడన్న? మొక్కిన, అంతే" అన్నది.

ఎరుక చెప్పుడు మాత్రం మానలే. అది మోసం కాదా అని కూడా అడిగిన. "వాళ్లకు ధైర్యం కావాలె, నాకు గింజలు కావాలె" అన్నది. ఆ జవాబుతోని నేను పూర్తిగా ఒప్పుకోను. జ్వరం వచ్చిన పిల్లను దవాఖానకు తోలకుండా "నాకెరుక, తగ్గుతది" అంటే, గింజలు పోయినయని ఊరుకునే సంగతి కాదది.

బాపు మాట వేరే. బాయిల కర్రతోని రూఫ్‌ను కొట్టి వింటరట. ఖంగుమంటే గట్టిది, గుల్ల సప్పుడొస్తే పక్కకు జరగాలె. "రూఫ్‌ను నమ్మొద్దు, కొట్టి సూడాలె" అనేటోడు. తెలుసుకునుడంటే అది. సమ్మక్కను ఎట్ల కొట్టి చూస్తం? చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తది. గద్దె మీద విగ్రహమే ఉండదు.

తర్వాతి జాతరకు బెల్లంతోని మేడారం పోయినం. ఆ పెద్దమ్మ కూడా మా ఎంబడి వచ్చింది. గద్దె ముంగట బాపమ్మ పక్కనే నిలబడి తను కూడా బెల్లం పెట్టింది. ఏం మొక్కిందో ఎవరం అడగలే.