రాణిగారికి హద్దు

తేనెటీగలను పెంచితే యింట్లో తేనెకు కొదవ వుండదని ఎవరో చెప్పగా విని, హోసూరులో మా పెరటి చింతచెట్టు నీడన ఒక పెట్టె పెట్టుకున్నాను. మన నాటు ఈగలకు వాడే యీ పెట్టెను న్యూటన్ పెట్టె అంటారు. 1911 మొదలు కొన్నేళ్లు తిరుచిరాపల్లి వైపు జనానికి యీ విద్య నేర్పిన ఫాదర్ న్యూటన్‌గారి పేర వచ్చింది. కింది అరలో 7 చట్రాలు; అది రాణి గుడ్లు పెట్టే చోటు. పై అర చట్రాలు పొట్టివి. అది తేనె కొట్టు. చెట్టు తొర్రలోని పట్టులోనూ యింతే గదా: పైన తేనె, కింద పిల్లలు.

అయితే రాణి మన లెక్క ప్రకారం నడుచుకోదు. కింద చోటు చాలకపోతే పైకెక్కి అక్కడా గుడ్లు పెడుతుంది. మొదటి సంవత్సరం శ్రీరామనవమికి పై పట్టు కోసి పిండితే, తేనెతో పాటు తెల్లని పురుగులు వచ్చాయి. "ఒరే, పసిపిల్లల్ని పిండిన తేనెతో రాములవారికి అభిషేకం చేయిస్తావట్రా?" అని మా అమ్మ గిన్నె ముట్టలేదు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

మరుసటి సంవత్సరం సంక్రాంతి వెళ్లాక, రెండు అరల మధ్య వేసే జల్లెడ కొన్నాను. దాని సందుల్లో కూలి ఈగలు దూరతాయి; వొళ్లు పెద్దదైన రాణి దూరలేదు. సీమ ఈగలకు చేసిన జల్లెడ మనకు పనికిరాదు. మన రాణి చిన్నది గనుక సందులు యింకా సన్నంగా వుండాలి. యింత తెలుసుకుని కొన్నవాణ్ణి, రాణి ఎక్కడున్నదీ చూడకుండానే జల్లెడ బిగించాను. పది రోజులకు తెరిస్తే కింద ఒక్క గుడ్డూ లేదు. రాణిగారు మేడమీదే వుండిపోయారు! కాగితం లోపల వున్నదీ లేనిదీ చూడకుండా బీరువాకు తాళం వేసిన గుమాస్తా పనే అయింది నాది.

రాణిని వెతకడం కష్టం, గుడ్డును వెతకడం సులువు. గుడ్డు 3 రోజులకు పురుగవుతుంది. కనుక జల్లెడ వేసిన నాలుగైదు రోజులకు ఏ అరలో గుడ్లు కనబడితే రాణి ఆ అరలో వున్నట్టే. రాణి వున్న పై చట్రాన్ని కింది అర మీద మెల్లగా దులిపి, ఆమె దిగిందని కళ్లారా చూసి, మళ్లీ జల్లెడ వేశాను. పైనున్న పిల్లలు మూడు వారాల్లో రెక్కలొచ్చి బయటపడ్డాయి. లావుపాటి పోతుటీగలు మాత్రం కిందికి దిగలేవు. వాటికోసం పై మూత తీయవలసి వచ్చింది. ఖాళీ అయిన గదుల్లో కూలి ఈగలు తేనె నింపాయి.

జల్లెడతోనే పని తీరదు సుమండీ. కింది గదులన్నీ తేనెతో నిండితే గుడ్లకు చోటుండదు. అప్పుడు రాణి సగం పరివారంతో లేచిపోవచ్చు. అంచేత అంచున తేనె నిండిన చట్రం ఒకటి తీసి, ఖాళీ పట్టున్న చట్రం పెట్టాను. హద్దు పెట్టినవాడు చోటు కూడా యివ్వాలి.

ఆ శ్రీరామనవమికి తేనె తేటగా వచ్చింది. అమ్మ గిన్నెను వెలుతురుకు పెట్టి చూసింది. ఏమీ అనకుండా తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టింది.